ఉమ్మడి ఫైళ్లలో నా పెళ్లి బయోడేటా

పరువు పోగొట్టుకోవడానికి మనిషికి ఎంతసేపు పడుతుందో తెలియాలంటే నన్నడగండి. మహారాష్ట్రలోని నాందేడ్‌లో నా మొదటి ఉద్యోగంలో ఆ పని మధ్యాహ్న భోజనాల లోపే పూర్తి చేశాను.

ధర్మాబాద్ ధాన్యం మార్కెట్ కోసం ఐదుగురం ప్రోగ్రాం రాస్తున్నాం. ఎవరు రాసింది వాళ్లు ఆఫీసు రిపాజిటరీలో, అంటే అందరికీ కనిపించే ఉమ్మడి ఫైళ్ల గదిలో, పెట్టాలి. ఓ ఉదయం నా కోడ్‌తో పాటు నా పెళ్లి బయోడేటా కూడా అందులోకి పోయింది. అమ్మ చెబుతుంటే ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే టైపు చేశాను మరి. మా వైపు తెలుగిళ్లలోనూ బయోడేటా మరాఠీలోనే రాస్తారు, అందరూ చదవగలరని. అందులో నా ఉద్యోగం 'ఆఫీసు హెడ్' అని ఉంది. అసలు హెడ్ సునీల్ సార్ నా వెనకే కూర్చుంటారు. ఆయన చూస్తే నా ఉద్యోగం ఉంటుందా, మీరే చెప్పండి.

వెంటనే తీసేశాను. తీస్తే కారణం రాయాలని నియమం. నిజాయితీగా 'పొరపాటున పెట్టిన నా పెళ్లి బయోడేటా తొలగించాను' అని రాశాను. అది అందరికీ మెయిల్‌గా వెళ్లింది. ఇంటి గుట్టు లంకకు చేటంటారు. నా లంకకు నేనే దండోరా వేయించుకున్నాను.

పక్క సీటు లక్ష్మక్క నవ్వాపుకుంటూ అంది: "తీసేస్తే పోదు తమ్మీ. పాత కాపీలన్నీ అండ్లనే ఉంటయ్. నువ్వేం ముట్టకు, నేను తినొచ్చి జూస్త."

చేయి ఊరుకుంటుందా? ఆ పాత కాపీల చరిత్రనే చెరిపే మంత్రమొకటి ఇంటర్నెట్‌లో దొరికింది. అందులో 'బలవంతంగా' అనే మాట ఉంది. అది చూసైనా ఆగాల్సింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, బయోడేటాతో పాటు అందరూ ఆ వారం చేసిన పనీ పోయింది. మర్నాడు మార్కెట్ వాళ్లకు చూపించాల్సింది అదే.

ఆ ఉదయం మొత్తం కాపీ తన కంప్యూటర్‌లోకి దింపుకున్నది ఒక్క సునీల్ సారే. దాంతో చాలావరకు పని తిరిగొచ్చింది. బయోడేటా కూడా వచ్చింది. అన్నీ వచ్చాయో లేదో చూద్దామని సార్ మొదట తెరిచింది దాన్నే. తీరిగ్గా చదివారు.

"మిగిలిన పనికి ఇంక రెండ్రోజులు పడ్తది," అన్నారు సార్. "హెడ్డువి నువ్వేనట గద. రేపు ధర్మాబాద్ వోయి, ఎందుకు ఆలస్యమైందో నువ్వే చెప్పు."

వెళ్లాను. ముగ్గురు వ్యాపారులు మూడు భాషల్లో తిట్టారు. తిరుగు రైల్లో గోదావరి సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో ఏ ఫైలునూ బలవంతంగా చెరపను. బయోడేటాను మాత్రం దిద్దలేదు. ఆఫీసు తరఫున తిట్లు తినేవాడే హెడ్ అయితే, అందులో అబద్ధమేముంది?