బంతి రాని వైపు

మాస్టారు పోయారన్న సంగతి గత మంగళవారం పొద్దున పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఈ పరాయి దేశంలో, టోవా పాయో హాకర్ సెంటర్లో, వరస తిండి కొట్ల మధ్య కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలు తిరక్కుండా వార్త కింద ఇరవై జతల చేతులు దండాలు పెట్టాయి. అప్పటి మా మేనేజరు అందరికంటే పొడుగ్గా రాశాడు. 'రియల్ అసెట్, ట్రూ టీమ్ ప్లేయర్' అట. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఈ పెద్దమనిషే ఆ కళ్లు తెరిచి ఉండగా వాటికి సున్నా వేసి ఇంటికి పంపాడు. ఆ సున్నా తయారుచేసి చేతికిచ్చింది నేను. ఆయన గురించి రాసే అర్హత నాకూ అంతంతమాత్రమే. అయినా రాస్తున్నాను.

అది ఐటీ పొంగు మీదున్న కాలం. మూడు నెలల కోర్సు, మెడలో బ్యాడ్జీ ఉంటే చాలు, భూమి మా భుజాల మీదే తిరుగుతోందనుకునేవాళ్లం. మా కంపెనీకి దొరికిన పని వింతది. అమెరికా కాలేజీల్లో ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే, ఒకరికొకరు విసిరే ఆట. అడ్డుకునేవాళ్లు మీదపడి పడగొట్టాలి. ఆ ఆటల టేపులు మాకొచ్చేవి. అడ్డుకునే పదకొండుమందిలో ఎవడెంత బాగా ఆడాడో ఒక్కొక్కడికీ మార్కులిచ్చే ప్రోగ్రాం రాయాలి. మాలో ఒక్కడూ ఆ ఆట ఆడలేదు, అంతకుముందు చూడనూ లేదు. మార్కులివ్వడానికి మాత్రం ఎవరం వెనకాడలేదు.

మేం రాసినదాంట్లో తప్పులు పట్టడం మాస్టారి పని. గుంటూరు వైపు ఒక కాలేజీలో లెక్కలు చెప్పి, నలభై దాటాక కంప్యూటరు నేర్చుకుని వచ్చారాయన. మొదట్లో మేం 'మాస్టారూ' అని పిలిచింది వెక్కిరింపుకే. మధ్యాహ్నం హాకర్ సెంటర్లో టేబుల్ చోప్ చేయడానికి, అంటే ముందే పట్టి ఉంచుకోడానికి, ఊరంతా టిష్యూ ప్యాకెట్ పెడితే, ఈయన గళ్ల తువాలు పరిచేవారు. ఎవరైనా ముసలావిడ ట్రేతో నిలబడితే తువాలు దులిపి ఆవిడకిచ్చేసి, మమ్మల్ని నిలబడి తినమనేవారు. మాకు తలకొట్టేసినట్టుండేది.

టేపు చూసేటప్పుడు తెర దగ్గరికెళ్లి, బంతి ఎటెళ్తే అటు అరచెయ్యి అడ్డం పెట్టేవారు.

"చెయ్యి తియ్యండి మాస్టారూ, బంతి కనపడట్లా," అని విసుక్కునేవాణ్ణి.

"బంతిని అందరూ జూస్తారబ్బాయ్. అది ఎటు పోవట్లేదో జూడు. మా కాలేజీలో కబడ్డీ ఆడించేవాణ్ణి. కూతకొచ్చినోడు ఏ మూలకి పోడానికి జంకుతాడో, ఆ మూల నిలబడ్డోడే మొనగాడు. ఆడి పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కదు."

కబడ్డీతో అమెరికాని కొలుస్తాడట అని వెనకాల నవ్వుకున్నాం.

నా లెక్క మహా తేలిక. ఒక ఆటగాడి వైపు బంతి ఎన్నిసార్లొచ్చింది, అందులో ఎన్నిసార్లు అడ్డుకున్నాడు. రెండోదాన్ని మొదటిదానితో భాగించడమే. ఒక జట్టులో నాలుగో నంబరు చొక్కావాడి వైపు ఆటంతటిలో ఒక్కసారీ బంతి రాలేదు. సున్నాని సున్నాతో భాగించాల్సొచ్చి ప్రోగ్రాం ఆగిపోయింది. అలాంటిచోట సున్నా వేసెయ్యమని, మాస్టారికి చూపకుండానే ఒక లైను కలిపాను. ప్రోగ్రాం నడిచింది, వాడి పేరు అందరికంటే అడుగుకి పోయింది. మర్నాడు పొద్దున్నే అవతలి కోచ్ ఫోన్లో పడీ పడీ నవ్వాడు. జట్టు మొత్తానికి వాడే గొప్పవాడట. భయపడి ఎవరూ వాడి వైపు బంతి వేయరట. మేనేజరు సారీ చెప్పి, ఆ ఒక్కడి మార్కు చేత్తో దిద్దించాడు. నా లైను అలాగే ఉండిపోయింది.

తర్వాత పొంగు చల్లారింది. ముగ్గుర్ని తీసెయ్యమని పైనుంచి కబురొచ్చింది. మేనేజరు నా భుజం మీద చెయ్యేశాడు.

"అదే ప్రోగ్రాం బాస్. ప్లేయర్స్ ప్లేస్‌లో మనవాళ్ల నేమ్స్ పెట్టు. బంతి ప్లేస్‌లో క్లయింట్ కంప్లయింట్స్. ఎన్నొచ్చాయి, ఎన్ని క్లోజ్ చేశారు, అంతే. ఫుల్లీ అబ్జెక్టివ్‌గా ఉంటది."

మనిషి మొహం చూసి 'వెళ్లిపో' అనే ధైర్యం లేనివాళ్లకి అబ్జెక్టివ్ అనే మాట దొరికింది.

మాస్టారు చూసి పంపిన పని మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఆయనకు చూపకుండా నేను తొందరపడి పంపినవాటి మీద బోలెడొచ్చాయి. చాలావరకు తీర్చాను కాబట్టి ఎలాగో గట్టెక్కాను. నిజానికి పట్టిన ప్రతి తప్పునూ ఆయన రిజిస్టర్లో రాయాలి. నావి ఎప్పుడూ రాయలేదు. నా కుర్చీ పక్కకొచ్చి వేలితో చూపించి, "రాస్తే నీ పేరు పాడవుద్ది. దిద్దుకో," అని వెళ్లిపోయేవారు.

నా లైను ఆయనకీ సున్నా వేసింది, జాబితా అడుగున ఆయన పేరొచ్చింది. ఆ లైను తీసేసి, ఫిర్యాదే రానివాణ్ణి పైన పెడితే ఏమవుతుందో కూడా చూశాను. పోయే ముగ్గురిలో నేనుంటాను. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే పాస్ పోతుంది, పాస్ పోతే పెట్టె సర్దుకోవాలి. లైను మళ్లీ పెట్టేశాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లుంటారు, నేనైతే లెక్కపెట్టడానికి ప్రోగ్రామే రాశాను.

చివరి రోజు అట్టపెట్టె చంకలో పెట్టుకుని నా దగ్గర ఆగారు. వంగి, తెర మీద సరిగ్గా ఆ లైను చూపించారు.

"అబ్బాయ్, ఇది జూసుకో. సున్నా బై సున్నా అంటే సున్నా కాదు. తెలీదు అని."

కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. ఆ లైను ఎవర్ని పంపిస్తోందో లెక్కల మాస్టారికి తెలియదా?

పాస్ గడువు తీరేలోగా ఇదే ఊళ్లోని హౌగాంగ్‌లో ఒక ట్యూషన్ సెంటరు ఆయన్ని తీసుకుంది. అక్కడే స్థిరపడి, వేరే వాళ్ల పిల్లలకు లెక్కలు చెప్తూ ఆ పేటలోనే పోయారు. అన్నేళ్లూ నేను హౌగాంగ్ వెళ్లే బస్సెక్కలేదు. ఎక్కింది మొన్ననే.

వాళ్ల అపార్ట్‌మెంట్ బ్లాకు కింద, గోడల్లేకుండా ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో ఆయన్ని పడుకోబెట్టారు. మేనేజరు అందరికంటే పెద్ద దండ తెచ్చి, వచ్చినవాళ్లందరికీ తన కొత్త కంపెనీ గురించి చెబుతున్నాడు. మాస్టారి కూతురు నాకు నీళ్ల సీసా ఇచ్చింది. పాత ఆఫీసువాణ్ణని చెప్పాను. ఇక్కడ పెరిగిన పిల్ల, మాట చివర 'లా', 'ఆ' తగిలించే ఇక్కడి యాస.

"ఓ, ఆఫీస్ అంకులా! డాడీ ఎవ్రీ ఇయర్ ట్యూషన్ ఫస్ట్ డే ఒక స్టోరీ చెప్తారు లా. జీరో బై జీరో స్టోరీ. ఫ్రెండ్ చేసిన మిస్టేక్, బట్ వెరీ గుడ్ ప్రోగ్రామర్ అని. హూ అని ఆస్క్ చేస్తే నేమ్ మాత్రం చెప్పరు." నా మొహంలోకి చూసింది. "అంకుల్, యూ నో హిమ్ ఆ?"

అక్కడ కూడా నేను నేనే. తెలీదమ్మా అన్నాను.

తిరుగు బస్సులో ఆ నాలుగో నంబరువాడు గుర్తొచ్చాడు. టేపులో ప్రతిసారీ బంతి అవతలి వైపే పోతుంది, కేకలూ చప్పట్లూ అక్కడే. ప్రతిసారీ వాడు మాత్రం మోకాళ్లు వంచి, చేతులు చాచి, తన వైపు రాని బంతి కోసం సిద్ధంగా నిలబడి ఉంటాడు.