బోసి చేతుల సాక్ష్యం

మొన్న శనివారం పొద్దున మా మనవరాలు టోస్టు నములుతూ, ఆ రోజు సిటీలో ఒక లాయర్ల ఆఫీసుకు వెళ్ళి ఉత్తుత్తి జ్యూరీలో కూర్చోబోతున్నానని చెప్పింది. అసలు కేసు కోర్టుకెక్కకముందే ఊళ్ళోవాళ్ళను కొందరిని పోగుచేసి, రెండు పక్షాల వాదనలూ వినిపించి, వాళ్ళకేమనిపించిందో రాబడతారట. "ఇట్స్ జస్ట్ ఎ ఫోకస్ గ్రూప్, అమ్మమ్మా. లంచ్ కూడా పెడతారు" అంది. నాకు తెలియకపోతే కదా! క్వేకర్స్ హిల్ పేటలోని మా వంటింట్లో కాఫీ గ్లాసు గట్టుమీద పెట్టేసి, దాని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇన్నేళ్ళయినా ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మేము ఈ ఊరు రాకముందు, మెల్‌బోర్న్‌లో కాపురమున్న రోజులవి. ఆ కాలంలో వచ్చినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, డిగ్రీలు పెట్టెలో దాచి దొరికిన పనికల్లా వెళ్ళేవాళ్ళం, కరివేపాకు రెబ్బ కనిపిస్తే పండగ చేసుకునేవాళ్ళం. గుంటూరులో ఎమ్మే చదివిన మా ఆడపడుచు అక్కడ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగుకు కుదిరింది. ఒకరోజు కుడి చెయ్యి మెషీన్లో పడింది. ఆపరేషన్ చేశారు కానీ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. అన్నం కలుపుకోలేదు, జడ అల్లుకోలేదు, పిల్లాడి చొక్కా గుండీ పెట్టలేదు. కంపెనీవాళ్ళేమో ఆవిడ నటిస్తోందన్నారు! కేసు వేశాం. నష్టపరిహారం సంగతి మావారూ, వాళ్ళాయనా చూసుకునేవారు. ఆమెకు కావలసింది వేరు. "నేను అబద్ధమాడలేదని ఆ కోర్టులో ఒక్కసారి అంటే చాలు వదినా" అనేది.

ఆ చేతికి గాజులు నేనే వేసేదాన్ని. రాత్రికి చెయ్యి వాచిపోయేది కాబట్టి తీసేసేవాళ్ళం. పొద్దున వాపు కాస్త తగ్గాక సబ్బు నురగ రాసి, బిగుసుకుపోయిన వేళ్ళను దగ్గరికి నొక్కి పట్టుకుని, ఒక్కొక్క గాజే మెల్లగా ఎక్కించేదాన్ని. ఆమె పళ్ళు బిగపట్టుకుని, తన చిన్నప్పుడు వాళ్ళమ్మ తిట్టిన తిట్లన్నీ చెప్పి నన్ను నవ్వించేది. అంత నొప్పి ఎందుకే, మానెయ్యరాదా అంటే, మొగుడు నిక్షేపంగా ఉండగా బోసి చేతులేమిటి అనేది. అదీ మా ఇంటి తంతు.

మా లాయరు మంచివాడే, మా మేలు కోరినవాడే. కోర్టుకు ముందు ఇలాంటి ఉత్తుత్తి జ్యూరీకి చూపిద్దామని ఆమె మాటలు వీడియో తీయించాడు. పెద్దమనుషుల ముందుకు వెళ్తున్నాం కదా అని ఇద్దరం కలిసి పట్టుచీర, చేతినిండా గాజులు, పెద్ద బొట్టు అన్నీ సింగారించాం. మనవాళ్ళకు తప్ప ఇంకెవరికి వస్తుంది చెప్పండి అలాంటి తెలివి! పైగా ఎలా ఉన్నారని లాయరు అడిగితే, నలుగురిలో బాగాలేనని ఎలా అంటుంది? "ఫైన్, థాంక్యూ" అని నవ్వింది. నొప్పి ఉందా అంటే "లిటిల్ బిట్" అంది. రాత్రుళ్ళు దిండులో మొహం దాచుకుని ఏడ్చే మనిషి!

ఆ ఉత్తుత్తి జ్యూరీవాళ్ళ చర్చను పక్కగదిలో టీవీలో చూశాం. శాండ్‌విచ్‌లు తింటూ వాళ్ళు ఆమెను ఎంత తేలిగ్గా తీసిపారేశారనుకున్నారు! నొప్పి ఉన్న మనిషి అలా నవ్వుతుందా అన్నాడొకాయన. అంత ఇరుకు గాజులు తొడుక్కోగలిగిన చెయ్యి బాగానే ఉన్నట్టు కదా అంది, చూస్తే పాపం అనిపించే ఒక ముసలావిడ. అందరూ తలలూపారు. ఎవరు తొడిగారని ఒక్కరంటే ఒక్కరు అడగలేదండీ! అన్నిటికన్నా నా కడుపు రగిలింది ఎక్కడంటే, వాళ్ళలో మనవాడు ఒకడున్నాడు. వాళ్ళమ్మ గాజులు తొడుక్కోవడం చూడకుండానే పెరిగాడా? చిప్స్ తింటూ కూర్చున్నాడు గానీ నోరు విప్పలేదు. వాడి సొమ్మేం పోయింది?

మా ఆడపడుచు మాత్రం తన చెయ్యి వంకే చూసుకుంటూ కూర్చుంది.

గాజులు నేనే వేస్తానని కోర్టులో చెప్తాను, నన్ను పిలవండని లాయరును బతిమాలాను. అదంతా విడమరిచి చెప్పేలోగా జ్యూరీ మనసులో ఒక అభిప్రాయం పడిపోతుందని, గాజులు తీసేసి, సాదా బట్టలు వేసుకుని, నవ్వకుండా ఉండమని అన్నాడు. నేను ఎగిరిపడ్డాను. ఆమే నన్ను ఆపి, సరేనంది. విచారణ రోజున బూడిదరంగు జాకెట్టులో, బోసి చేతులతో, నేనెరగని ఎవరో మనిషిలా బోనెక్కింది. జ్యూరీ నమ్మింది, కేసు గెలిచాం. ఉన్నదున్నట్టు కనిపిస్తే అబద్ధమన్నారు, వేషం వేసుకుని వెళ్తే నిజమన్నారు. ఇదేం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే సబ్బు, గాజులు పట్టుకుని వెళ్ళాను. ఆమె చెయ్యి చాపలేదు. "వద్దులే వదినా, ఇవి వేసుకుంటే నాకే నేను అబద్ధమాడుతున్నట్టుంది" అంది.

ఇదంతా చెప్పేసరికి మా మనవరాలి టోస్టు చల్లారిపోయింది. "బట్ వై డిడ్న్ట్ ఎనీవన్ జస్ట్ ఆస్క్ హర్?" అంది. అదేనే తల్లీ నేనూ అడిగేది, ఇవాళ నువ్వక్కడ చిప్స్ తింటూ కూర్చోకు అన్నాను.

కాలం మారింది. ఇప్పుడు హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్తే ఆడపిల్లలందరివీ బోసి చేతులే, ఎవరూ పట్టించుకోరు. వాళ్ళకు ఇష్టమై మానేశారు, సుఖంగా ఉండనీ. పోయిన నెల మా ఆడపడుచు మెల్‌బోర్న్ నుంచి వచ్చినప్పుడు ఆ గుడికే తీసుకెళ్ళాను. హారతి కళ్ళకద్దుకోబోతూ, పక్కన ఎవరో చూస్తున్నారని ఆ వంగని వేళ్ళను గబుక్కున కొంగులో దాచుకుంది. గెలిచిన మనిషి!