లూదియా మేడం మాటల పుస్తకం

నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగుకు వచ్చిన పిల్లల్ని ఎవరినైనా అడగండి, లూదియా మేడం ఇంగ్లీషు క్లాసు గురించి చెబుతారు. రోజూ ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సుకు వచ్చి, ఏడు కొట్టేసరికి బోర్డు ముందు నిలబడుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే బస్సు, అదే బోర్డు.

మాటల్ని ఆమె గుంపులుగా చెబుతుంది. ఒక మాట చుట్టూ దాని చుట్టాలందరినీ కూర్చోబెడుతుంది. ఇంపర్సనేషన్ అంటే ఇంకొకరి పేరు పెట్టుకుని, ఆ మనిషి నేనేనని నమ్మించి మోసం చేయడం. అట్లా చేసినవాడు ఇంపోస్టర్. మిమిక్రీ నవ్వించడానికి, అందులో మోసం లేదు. ప్రాక్సీ అంటే నా బదులు నువ్వు పొమ్మని చెప్పి పంపిన మనిషి. ఏలియస్ మారుపేరు. సూడోనిమ్ రాసేవాళ్లు పెట్టుకునే పేరు.

ఇంటర్‌ప్రెటర్ అనే మాట దగ్గరికి వచ్చేసరికి వాళ్ల నాయన కథ చెప్పేది. ఓబయ్య ఆళ్లగడ్డ చర్చిలో ఉపదేశి. బయటినుంచి వచ్చిన ప్రసంగీకుల ఇంగ్లీషును తెలుగు చేసేవాడు. ఒకసారి ప్రసంగీకుడు తన తల్లి చనిపోయిన సంగతి చెబుతుంటే, ఓబయ్య కూడా "మా అమ్మ నన్ను విడిచి పోయింది" అంటూ వేదిక మీద కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ముందు వరుసలో కూర్చున్న అతని కన్నతల్లి జీవమ్మ లేచి, "నేను ఈడనే ఉండా కదరా!" అని అరిచింది. క్లాసు గొల్లున నవ్వేది.

"అది ఇంపర్సనేషన్ కాదు. నోరు మా నాయనది, మాట ఇంకొకరిదని కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. తెలియకుండా చేస్తేనే నేరం" అని ముగించేది. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆమె పిల్లల వైపు కాక బోర్డు వైపు తిరిగేది.

తిరగక ఏం చేస్తుంది? లూదియా ఆమె అక్క. ఈమె పేరు నిర్మల. అక్కను చదివించడానికి నిర్మలను ఇంటర్‌తో ఆపేశారు. బి.ఎ., బి.ఎడ్. పూర్తయిన మరుసటి ఏడే లూదియా పచ్చకామెర్లతో పోయింది. నిర్మల మాత్రం చిన్నప్పటినుంచీ నాయన పక్కన నిలబడి, డిగ్రీ కాలేజీ గడప తొక్కకుండానే ఇంగ్లీషు నేర్చింది.

ఎరువుల అంగడి మూసి కోచింగ్ సెంటర్ తెరిచిన జనార్దనం శెట్టి ఆమె పాఠం విని మురిసిపోయాడు. డిగ్రీ లేదని తెలిసి తల గోక్కున్నాడు.

"బోర్డు మీద బి.ఎ., బి.ఎడ్. అని లేకుంటే పిల్లోళ్లు రారమ్మా. మీ అక్క సర్టిఫికెట్లు ఇంట్లో ఉండాయి కదా, అవి తీసుకురా. పోయినామె వచ్చి అడుగుతాదా ఏందీ?"

ఆ మాటకు నిర్మలకు కోపం రావలసింది. రాలేదు, ఉద్యోగం దొరికిందని సంతోషం వచ్చింది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం పుడుతుంది.

జనార్దనం పోయాక సెంటరు ఆయన కొడుకు విజయభాస్కర్ చేతికి వచ్చింది. ఈ ఏడు అతను, "మీ నోట్సు పుస్తకం వేద్దాం మేడం" అన్నాడు. పదకొండు లాంగ్ నోటుబుక్కుల్ని సంచిలో పెట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. అట్ట మీద రాసిన మనిషి పేరు చూసుకోవాలన్నదే ఆశ. అక్క పేరైనా సరే, రాత తనది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద విజయభాస్కర్ ఫొటో, కింద విజయభాస్కర్ పేరు. ఇంటర్‌ప్రెటర్ పేజీ తీసింది. "మా నాయన ఒకసారి వేదిక మీద తర్జుమా చేస్తూ..." అని మొదలైంది కథ. యూరియా బస్తా మీద తప్ప ఇంగ్లీషు మొహం చూడని జనార్దనం తర్జుమా చేశాడట! జీవమ్మ కూడా ఆ ఇంటి అవ్వ అయిపోయింది.

నేరుగా ఆఫీసు గదిలోకి పోయింది.

"నా పేరు పోతే పోయింది సార్. మా నాయనను కూడా తీసుకున్నారే!"

విజయభాస్కర్ కంప్యూటర్ మీదినుంచి తల ఎత్తలేదు. "మీ పేరే వేద్దామనుకుంటి మేడం. ఏ పేరు వేయమంటారో చెప్పండి."

అతనే మళ్లీ అందుకున్నాడు.

"లూదియా అని వేస్తే, ఆమె చచ్చిపోయిందని ఎవడో ఒకడు తేలుస్తాడు. నిర్మల అని వేస్తే, ఇన్నేళ్లు ఈడ పాఠం చెప్పిందెవరంటారు. పోయే ముందు మా నాయన అన్నీ చెప్పినాడు. మీ మంచికే చెప్తాండా. క్లాసుకు టైమైతాంది, పోండి."

ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. సర్టిఫికెట్లు తెమ్మన్నది తండ్రి, వాటితో నోరు మూయించింది కొడుకు. వాళ్ల పేరుకు మాత్రం మచ్చ లేదు, పైగా ఇప్పుడు అట్టకు కూడా ఎక్కింది.

క్లాసులో బల్లల మీద అరవై కొత్త పుస్తకాలు. బోర్డు మీద ఇంపర్సనేషన్ అని రాసింది. నాయన కథ ఎత్తలేదు.

"ఉదాహరణ రాసుకోండి" అని నింపాదిగా చెప్పింది. "లూదియా మా అక్క. ఆమె చనిపోయింది. నా పేరు నిర్మల. ఇరవై రెండేళ్లుగా ఆమె పేరుతో ఇక్కడ పాఠాలు చెబుతున్నాను."

ఈసారి పిల్లల వైపు తిరిగి నిలబడింది. ఎవరైనా ఒక్కరు తలెత్తి తన మొహం చూస్తారని. అరవై తలలు వంచుకుని రాసుకుంటున్నాయి. మూడో వరుసలో సిరి అనే అమ్మాయి చెయ్యెత్తింది.

"లూదియా మేడం, ఈ ఎగ్జాంపుల్ సార్ పుస్తకంలో లేదు. పరీక్షకు వస్తాదా?"

నిర్మల మళ్లీ బోర్డు వైపు తిరిగింది.

"రాదమ్మా. కొట్టేసుకోండి."

అరవై మందీ ఆ నాలుగు వాక్యాలనూ గీత గీసి కొట్టేశారు.