నాంపెన్‌లో ఆవిడ ఇల్లు

డోనట్ షాపావిడను నేను ఏడిపించానని మా ఆయన మేముండే శాంటా క్లారాలో, తలా ఒక వంట తెచ్చుకునే ప్రతి పాట్‌లక్ విందులోనూ చెబుతాడు. అబద్ధం. ఆవిడ ఏడవలేదు. అప్పుడు ఆయన పార్కింగ్‌లో, కార్‌లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఏడ్చిందో లేదో ఆయనకెలా తెలుస్తుంది?

ఆవిడది కంబోడియా. డెబ్బైల్లో తిరుగుబాటు సైన్యం రాజధాని నాంపెన్‌ను తుపాకులు చూపించి ఖాళీ చేయించినప్పుడు చిన్నపిల్లట. తర్వాత మళ్లీ అటు వెళ్లలేదు. శనివారం ఇండియన్ గ్రోసరీకి వెళ్తూ నేను కాఫీ కొనుక్కునేది ఆవిడ దగ్గరే. ఇండియా వెళ్తూ దారిలో నాంపెన్ చూద్దామనుకున్నాం. ఆ మాట చెప్పి, "అక్కణ్నుంచి మీకేం తేను?" అన్నాను. మనలో ఎవరు ఊరెళ్తున్నా అడగడం మర్యాద. తిరుగుప్రయాణంలో మన సూట్‌కేసు సగం పక్కవాళ్ల పచ్చళ్లకే సరిపోతుంది.

"ఏమీ వద్దు, హనీ."

మా గుంటూరులో మొదటి 'వద్దు'ను ఎవరూ వినిపించుకోరు. రెండోది మొహమాటం. మూడోసారి అడిగేసరికి ఆవిడ పెద్ద మార్కెట్ వెనకున్న వీధి పేరు, ఇంటి గుర్తులు చెప్పింది.

"మా ఇల్లు. ఉందో, లేదో."

నాంపెన్‌లో రాజభవనం చూశాం. వెండి పలకలు పరిచిన గుడి చూశాం. నేలంతా తివాచీలు కప్పేశారు కాబట్టి అంచున మెరిసే కాస్త వెండిని చూశాం. నది ఒడ్డున చెరుకురసం తాగాం. చివరి రోజు ఆ వీధికి పోదామన్నాను.

"ప్యాలెస్ కవర్ చేశాం, మ్యూజియం కవర్ చేశాం. ఇక ఆ సందులో ఏముందే?" అన్నాడు మా ఆయన.

"ఇల్లు."

"ఎవరిది?"

"మీకు రెండో డోనట్ ఊరికే ఇచ్చేవాళ్లది. ఎక్కండి టుక్‌టుక్."

ఇల్లు ఉంది. కింద సెల్‌ఫోన్ల షాపు. పక్కగోడ వెంట ఇరుకు మెట్లు, పైన బాల్కనీలో ఆరేసిన స్కూలు యూనిఫాంలు. వీడియో తీస్తుంటే పైనుంచి ఒక ముసలాయన రమ్మని చెయ్యి ఊపాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాను కూడా. "ఫ్లైట్ మిస్సవుతాం తల్లీ!" అని టుక్‌టుక్‌లోంచి మా ఆయన కేక. వెనక్కి వచ్చేశాను.

శాంటా క్లారా చేరాక, వచ్చిన మొదటి శనివారమే ఫోన్ ఆవిడ ముందు పెట్టి, "మీ ఇల్లు అలాగే ఉంది" అన్నాను. ఆవిడ చేతిలో ట్రే పక్కన పెట్టింది. వేళ్లకంటిన పంచదార ఏప్రన్‌కు తుడుచుకుంది. వీడియో నొక్కబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు."

మళ్లీ అడగలేదు. మొహమాటం ఏదో, కానిదేదో ఆ మాత్రం నాకూ తెలుసు. ఫోన్ తీసేస్తుంటే అడిగింది:

"మెట్లు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"పైకెళ్లావా?"

"లేదు. టైమ్ లేకపోయింది."

"ఓ," అంది. నా వెనకున్న మనిషి వైపు తిరిగి ఏం కావాలని అడిగింది. ఇప్పటికీ నాకు కాఫీ నవ్వుతూనే ఇస్తుంది. ఆ ఊసు మాత్రం ఎత్తదు.

మానుతున్న పుండును గెలికానని స్నేహితులంటారు. కావచ్చు. కానీ ఆ గుర్తులు చెప్పింది ఆవిడే కదా! చూడటం ఇష్టం లేని మనిషికి నేను మెట్లు ఎక్కానో లేదో ఎందుకు? ఎక్కానని చెప్పి ఉంటే, ఆవిడ తర్వాత ఏమడిగేది?