మూడో బెంచీలో పెద్దాయన

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. అది నాకు చదువు వల్ల వచ్చింది కాదు, ఈమాన్ వల్ల, మా మత విశ్వాసం వల్ల వచ్చింది. పోయినవాళ్ళు మళ్ళీ ఈ లోకంలోకి రారని చిన్నప్పుడు మసీదులో ఉస్తాద్ గారి దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు పటమటలో ఆదివారాలు పిల్లలకు అదే నేర్పుతున్నాను. ఇది చదివి ఎవరైనా నన్ను తాయెత్తుల మనిషిని అనుకుంటే బాధగానే ఉంటుంది. అయినా జరిగింది జరిగినట్టు రాయడమే నాకు తెలిసిన పని.

నేను ట్రయల్ జడ్జిగా చేసి రిటైరయ్యాను. మా అబ్బా, అంటే మా నాన్న, విజయవాడ వన్‌టౌన్‌లో తాళాలు బాగుచేసేవారు. నేను లా చదివి, కొన్నాళ్ళు ప్రాక్టీసు చేసి, మున్సిఫ్‌గా సెలెక్టయ్యాను. అక్కణ్ణుంచి కోస్తాలో ఊరూరా బదిలీలు.

ఆ ఉద్యోగంలో మనిషి ఒంటరైపోతాడు. పెళ్ళికి వెళ్ళాలన్నా అక్కడ ఎవరెవరు ఉంటారో ఆలోచించుకోవాలి. పాత స్నేహితులు లాయర్లయితే దూరం పెట్టాలి. "మీతో కాపురమంటే సగం జైలేనండీ" అని మా ఆవిడ నవ్వేది. కోర్టు హాల్లోకి వస్తే అందరూ లేచి నిలబడతారు గానీ, ఎవరూ మనసులో మాట చెప్పరు.

విజయవాడలో సెషన్స్ జడ్జిగా ఉండగా ఒక హత్య కేసు వచ్చింది. పామర్రు దగ్గర ఒక పల్లెలో, మే నెలలో, ఒక రైతు తన పొలంలోనే చచ్చి పడి ఉన్నాడు. ముద్దాయి పక్క పొలం కౌలుకి చేసేవాడు, ముప్పై దాటని మనిషి. ఇద్దరికీ గట్టు తగాదా ఉంది.

కేసంతా ఒక్క సాక్షి మీద నిలబడింది. అతనిదీ అదే ఊరు. పొద్దున్నే కాలువలో గేదెల్ని కడుగుతుంటే, అవతలి ఒడ్డున ముద్దాయి నీళ్ళలో దిగి కత్తీ చొక్కా కడుక్కోవడం చూశానని చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. డిఫెన్స్ లాయరు గంటసేపు క్రాస్ చేసినా కదల్లేదు. నిజం చెప్పాలంటే, నా మనసులో అప్పటికే శిక్ష ఖాయమైపోయింది. యావజ్జీవం.

లంచ్‌లో ఛాంబర్‌లోనే జొహర్ నమాజు చేసుకుని వచ్చి కూర్చున్నాను. సాక్షికి అతని వాంగ్మూలం చదివి వినిపిస్తున్నారు. విని, సరే అంటే సంతకం పెడతాడు, అది పద్ధతి. అప్పుడు వెనక మూడో బెంచీలోంచి ఒక పెద్దాయన లేచాడు. పంచె, వెలిసిపోయిన ఖాకీ చొక్కా.

"అయ్యా, అప్పటికి కాలువలు కట్టేశారండీ" అన్నాడు.

నాకు చిరాకేసింది. "పెద్దాయనా, అక్కణ్ణుంచి మాట్లాడకూడదు. కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చున్నాడు.

కానీ మాట చెవిన పడింది. మా వైపు ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. వానలు మొదలయ్యాకే మళ్ళీ వదులుతారు. విచారణ జరిగింది ఆగస్టులో. మేమంతా రోజూ నిండుగా పారే కాలువ పక్కనుంచే కోర్టుకొస్తున్నాం. అందుకే ప్రభుత్వం తరఫున వాదించే పీపీ గారికి గానీ, డిఫెన్స్ లాయరుకి గానీ, బందరు కాలువ గట్టున పుట్టి పెరిగిన నాకు గానీ తట్టలేదు.

సాక్షిని స్వయంగా ప్రశ్నించే అధికారం జడ్జికి ఉంది. "ఆ రోజు కాలువలో ఎంత లోతు నీళ్ళున్నాయి?" అని అడిగాను.

"నడుం లోతండయ్యా" అన్నాడు.

ఇరిగేషన్ ఆఫీసు నుంచి రికార్డు తెప్పించాను. హత్యకి మూడు వారాల ముందే కాలువ కట్టేశారు. సరిగ్గా ఆ చోట ఆ రోజుల్లో మిషన్ పెట్టి పూడిక తీస్తున్నారు. సాక్షిని మళ్ళీ పిలిపిస్తే తల దించుకుని, "ఊళ్ళో పెద్దలు అలా చెప్పమన్నారండీ" అన్నాడు. ముద్దాయిని విడుదల చేశాను. అతని భార్య వరండాలో కూలబడి ఏడవడం ఛాంబర్‌లోకి వినిపించింది.

ఆ పెద్దాయన ఎవరో ఆ ఊరివాడేమో అనుకున్నాను. అంతటితో మర్చిపోయాను.

కొన్నేళ్ళకి రిటైరయ్యాను. వీడ్కోలు సభలో ఈ సంగతే చెప్పాను. ఒక మామూలు మనిషి ధైర్యంగా లేచి మాట్లాడబట్టి ఒక అమాయకుడు బయటపడ్డాడన్నాను. ఆ రోజు కోర్టులో నా వెనకే నిలబడ్డ దఫేదారు సాంబయ్య, బెంచ్ క్లర్క్ రత్నకుమారి గారు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

దండలు పట్టుకుని కారు దాకా వచ్చాక సాంబయ్య నోరు విప్పాడు. "రేపట్నుంచి మీరు మా జడ్జిగారు కాదు కాబట్టి చెప్తున్నానండీ. ఆ రోజు ఆ బెంచీలో ఎవరూ లేరండీ."

"లేకపోవడమేంటయ్యా? నేను కూర్చోమన్నాను కదా!"

"అన్నారండీ. ఖాళీ బెంచీనే అన్నారు."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"జడ్జిగారు మనిషిని కూర్చోమంటుంటే, అక్కడ మనిషే లేడని దఫేదారు చెప్పొచ్చా అండీ?"

అందర్నీ విడివిడిగా అడిగాను, జవాబు నేను అందించకుండా. రత్నకుమారి గారు సాంబయ్య చెప్పిందే చెప్పారు. అప్పటి పీపీ గారు ఇప్పుడు గన్నవరంలో ఉంటున్నారు. ఆయనకి ఫోన్ చేస్తే నవ్వారు. "నేను నిలబడి ఉన్నాను కదండీ, నన్నే అన్నారనుకుని కూర్చున్నాను. అప్పటికి నాకు యాభై రెండే. పెద్దాయనా అన్నారని వారం రోజులు బాధపడ్డాను" అన్నారు. నా మాట అందరూ విన్నారు. ఆ పెద్దాయన మాట ఒక్కరూ వినలేదు.

మా డాక్టరు, కాలువల సంగతి నా బుర్రలో ఎక్కడో ఉండి అలా బయటికొచ్చిందంటాడు. మా ఇమామ్ సాబ్, "అల్లాహ్ ఒక నిర్దోషిని కాపాడాడు, ఎలాగని అడక్కండి" అన్నారు. అల్లాహే కాపాడాడన్నదాంట్లో నాకు రవ్వంత అనుమానం లేదు. అడక్కుండా ఉండటమే నాకు చేతకావడం లేదు. ఆ మాట వినపడకపోతే ఆ కుర్రాణ్ణి జైలుకి పంపి, ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయేవాణ్ణి.

పెద్దాయన కూర్చున్న తీరు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. ముందు బెంచీ పట్టుకుని, ఎడమ మోకాలు అదుముకుంటూ మెల్లగా వంగాడు. పాపం, మోకాళ్ళ నొప్పులేమో అనుకుని, ఆయన పూర్తిగా కూర్చునేదాకా ఆగాను. ఆ కాసేపు కోర్టంతా నిశ్శబ్దంగా ఉందని పీపీ గారికీ గుర్తుంది. నేనెందుకు ఆగానో ఆయనకి తెలీదు. ఎవరి కోసం ఆగానో నాకూ తెలీదు.