స్టీరింగు ఆట

మా పాత కారుకు ముందు చక్రాల షాకబ్జార్లు మార్పించి ఈ రోజు ఇంటికి తెచ్చాను. స్టీరింగు వదులుగా ఆడుతోంది, కాస్త తిప్పినా చక్రాలు కదలడం లేదు. మెకానిక్కుకు ఫోన్ చేస్తే, "పాత బండి కదా మావా, ఆపాటి ఆట ఉంటాది" అన్నాడు. రేపు కోడలిని కాన్పుకు విజయనగరం తీసుకెళ్ళాలి.

మా ఆవిడను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి స్టీరింగు అటూ ఇటూ కదపమన్నాను. కింద పడుకుని ఒక్కో కీలూ పట్టుకు చూశాను. ఎడమ చక్రం దగ్గర స్టీరింగు రాడ్డు నట్టు చేత్తోనే తిరిగింది. అది ఊడకుండా పెట్టే పిన్ను మెకానిక్కు మరిచిపోయాడు. బిగించి పిన్ను వేశాను. ఆట పోయింది.

"ఇంక దిగే" అన్నాను.

"రేపు ఎక్కేది నా కోడలు. సరిగ్గా బిగిసినాదో నేదో నాను సూడొద్దేటి?" అంది.

ఇంకా తిప్పుతూనే ఉంది. మీరైతే ఎలా దింపుతారు?