ఎప్పుడూ పడనివాళ్ళకు బైకు నేర్పిన రెండు రోజులు

మా పాల కంపెనీలో సూపర్‌వైజర్ ఉద్యోగానికి కావలసినవి రెండే. ఒక బైకు, దాని మీద రోజంతా కూర్చోగల నడుము. పాకాల చుట్టుపక్కల ఊళ్ళలో పాలు పోయించుకునే కేంద్రాలు ఇరవై దాకా నా కింద ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళుగా వాటి మధ్య తిరుగుతున్నాను. ఇన్నేళ్ళలో నాకు బైకు నడపడం రాదని ఎవరూ అనలేదు. అనగలిగిన ఒకే ఒక్క మనిషి మా ఆవిడ. ఆమె వెనక సీట్లో కూర్చున్నప్పుడల్లా కళ్ళు మూసుకుని పెదవులు కదిపేది. దాన్ని భక్తి అనుకున్నాను.

ఆ మధ్య ఒక వానాకాలంలో మా సూపర్‌వైజర్లు ముగ్గురు నెల తిరగకుండా కిందపడ్డారు. ఒకాయనకు కాలు విరిగింది. ఇంకొకాయనకు మణికట్టు. మూడో అతనికి చర్మం కూడా గీసుకుపోలేదు, కానీ సంచిలో ఉన్న పాల శాంపిల్ సీసాలన్నీ పగిలిపోయాయి. అప్పుడు కంపెనీ కదిలింది. రెండు రోజుల సురక్షిత బైకు శిక్షణ అని కాగితం వచ్చింది. శని, ఆదివారాలు, పొద్దున పాల పని ముగించుకుని రావాలి. మా ప్రాణాలను కాపాడటానికి మాకు మిగిలే సెలవు పూటలనే ఎంచుకున్నారు.

శిక్షణ తిరుచానూరు దాటాక ఒక కొత్త లేఅవుట్‌లో. సిమెంటు రోడ్లు, వీధి దీపాలు, రెండు ఏనుగు బొమ్మలతో పెద్ద ముఖద్వారం అన్నీ ఉన్నాయి, ఇళ్ళు తప్ప. మేం పన్నెండు మందిమి. అందరి దగ్గరా హెల్మెట్లు ఉన్నాయి. ఒకరిది అద్దానికి వేలాడుతోంది, ఒకరిది మోచేతికి ఉంది, నాది పెట్రోలు ట్యాంకు మీద ఉంది. ఆ హెల్మెట్‌లో రసీదు పుస్తకాలు పెట్టుకుంటాను.

ప్రారంభించడానికి మేనేజరు వచ్చాడు. హెల్మెట్ లేకుండా, చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపట్టి, మాట్లాడుతూనే బైకు మీద వచ్చాడు. ఫోను ముగిసేదాకా అందరం నిలబడ్డాం. తరువాత, ప్రాణం కంటే పాలు ముఖ్యం కాదని చెప్పాడు. కాసేపు ఆలోచించి, పాలు కూడా ముఖ్యమేనని సర్దుకున్నాడు. బ్యానరు ముందు ఫొటో దిగి, వచ్చిన విధంగానే వెళ్ళిపోయాడు.

నేర్పడానికి వచ్చింది ముప్పై నిండని అమ్మాయి, చిత్తూరు వైపు పిల్ల. మోకాళ్ళకు, మోచేతులకు రక్షణ చిప్పలు కట్టుకుని, రోడ్డు మీద ఆరంజి రంగు కోన్లు వరుసగా పేరుస్తోంది. మాలో నవ్వులు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా నవ్వినవాడు, సూపర్‌వైజర్లందరం పెద్దన్న అని పిలిచే మనిషి. యాభై మూడేళ్ళు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఊరూరూ తిప్పి పని నేర్పినవాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా పడలేదని తన పేరుతో పాటు చెప్పుకుంటాడు.

మొదటి పరీక్ష, రెండు గీతల మధ్య కాలు కింద పెట్టకుండా ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా పోవడం.

"నిదానంగా పోయేదానికి బండెందుకు పాపా? నడిసే పోతాం గదా," అన్నాడు పెద్దన్న.

"అట్లే పోండి సార్. కానీ బండి మీద," అంది ఆ అమ్మాయి.

పెద్దన్న బయల్దేరాడు. నాలుగు గజాలు పోయాక బైకు ఊగింది. ఆయన ఒక కాలు చాచబోయి, మానుకుని, రెండో కాలు చాచబోయి, అంతలో బైకుతో సహా కుడివైపుకు పడుకున్నాడు. ముప్పై ఏళ్ళ రికార్డు నడక వేగంలో ముగిసింది. నవ్వడానికి మాకు ఎక్కువ సమయం దొరకలేదు, ఎందుకంటే మా వంతులు వచ్చాయి. నేను మూడుసార్లు కాలు పెట్టాను. ఒకాయన కోనును బండి కింద ఇరికించుకుని చాలా దూరం లాక్కుపోయాడు.

"ముందు బ్రేకు ఎవరెవరు వాడతారు?" అని అడిగింది మధ్యాహ్నం.

ఎవరూ చెయ్యెత్తలేదు. ముందు బ్రేకు పట్టుకుంటే బోర్లా పడతామని మా అందరికీ మా నాయనలు చెప్పారు. వాళ్ళకు సైకిలు నేర్పినవాళ్ళు చెప్పి ఉంటారు. నా బైకు మిగతా అంతా మాసిపోయినా ముందు బ్రేకు లివరు మాత్రం కొన్ననాటి మెరుపుతో ఉంది.

నలభై వేగంలో వచ్చి, మొదట వెనక బ్రేకు ఒక్కదానితోనే ఆగమంది. నేను ఒక ప్లాటు దాటి, రెండోదీ దాటి, మూడోదాని మధ్యలో, టైరు అడ్డంగా జారుతుండగా ఆగాను. తరువాత రెండు బ్రేకులూ కలిపి, ముందుది మెల్లగా బిగిస్తూ నొక్కమంది. మొదటి ప్లాటు దాటకుండానే ఆగాను. బైకు మీద కూర్చుని వెనక్కి తిరిగి ఆ ఖాళీ ప్లాట్లను చూశాను. పద్దెనిమిదేళ్ళుగా నేను నేర్పుతో ఆగలేదు. ఎదుటివాళ్ళు తప్పుకోవడం వల్ల ఆగాను. ఇది అర్థమయ్యాక ఆ సాయంత్రం ఇంటికి నన్ను చూసి నేనే భయపడుతూ వెళ్ళాను.

ఆదివారం పాఠం, మలుపు తిరిగేముందు భుజం మీదుగా వెనక్కి చూడటం. మేం నెమ్మదిగా పోతూ ఉంటే, ఆమె వెనక నిలబడి చెయ్యెత్తి కొన్ని వేళ్ళు చూపిస్తుంది. తల తిప్పి అవి ఎన్నో చెప్పాలి. చిన్నపిల్లల ఆటలా ఉందని పెద్దన్న విసుక్కున్నాడు. ఎడమవైపు సరిగ్గా చెప్పాడు. కుడివైపు "మూడు" అన్నాడు. ఆమె చూపించింది ఒకటి. రెండోసారి "రెండు" అన్నాడు. ఈసారి ఆమె అసలు చెయ్యే ఎత్తలేదు.

మావాళ్ళు విరగబడి నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. "టీ తాగి రండి," అని అందర్నీ పంపేసి, ఆయనను ముఖద్వారం నీడలోకి పిలిచింది. నేను అక్కడే నా బైకు గొలుసు బిగించుకుంటున్నాను కాబట్టి ఉండిపోయాను.

"ఎన్నాళ్ళ నుంచి నాయనా?" అంది.

పెద్దన్న ఏనుగు బొమ్మ వైపు తిరిగాడు. "రెండేండ్లుగా," అన్నాడు. "కుడి కంటికి మంచు పట్టినట్టు ఉంటాది. ఎడమది బాగుండాది. సాలదా?"

"ఇంట్లో తెలుసా?"

"తెలిస్తే బండి ఎక్కనిస్తారా? బండి లేకపోతే నాకు ఈ పని యాడుంటాది? నువ్వు కంపెనీకి రాయబాక పాపా."

"రాయాల. రాయకపోతే నేను ఈడికి వచ్చింది దేనికి?"

ఆయన నావైపు తిరిగాడు. "నువ్వన్నా సెప్పప్పా."

అంతకు ఆరు నెలల ముందు, పాకాల దారిలో నేను కుడి పక్కనుంచి ఆయనను దాటబోతుంటే చటుక్కున నామీదకు తిప్పాడు. నేను రోడ్డు దిగి, కంచెలోకి పోయి ఆగాను. ఆఫీసులో ఆ కథను నటించి మరీ చూపించి అందర్నీ నవ్వించాను. ఎందుకు తిప్పాడని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

"రాయండి మేడమ్," అన్నాను.

పెద్దన్న ఆ తరువాత పది రోజులు నాతో మాట్లాడలేదు.

ఆమె రాసింది. ఆ రాత వల్ల ఏమైందో చెప్పాలి. ఏమీ కాలేదు. వారానికి పన్నెండు మందికీ సర్టిఫికెట్లు వచ్చాయి. అందరివీ ఒకేలా అచ్చువేసినవి, అందరికీ "అత్యుత్తమం". పెద్దన్నకు కూడా. వాటి మీది తేదీ చూస్తే అవి శిక్షణకు ముందు రోజే అచ్చయ్యాయి. నేను మేనేజరు గదికి వెళ్ళి కంటి సంగతి అడిగాను.

"ముప్పై ఏండ్లుగా పడలేదు గదయ్యా ఆయన," అన్నాడు.

"మొన్న పడినాడు సార్. మేమందరం సూసినాం."

"అది శిక్షణలో. డ్యూటీలో కాదు," అని ఫైలు మూశాడు.

ఆ సాయంత్రమే పెద్దన్న ఇంట్లో లేని సమయం చూసి వాళ్ళింటికి వెళ్ళాను. వదినకు అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టనూ లేదు. "అందుకేనా, కూరలో ఏం పడినా కనబడక, నా వంట బాగుండాదనేది," అంది. మరునాడు పొద్దునకు బైకు తాళం ఇంట్లో ఎక్కడా దొరకలేదు. ఆయన ఇల్లంతా వెతికి, అలిగి, చివరకు ఆమె వెంట బస్సెక్కి తిరుపతిలో కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. శుక్లం. ముదిరిపోయిందని, ఇన్నాళ్ళు ఎలా నడిపారని డాక్టరు అడిగాడట. ముప్పై ఏళ్ళుగా పడలేదని ఈయన అక్కడ కూడా చెప్పాడట.

ఆపరేషన్, విశ్రాంతి కలిపి నెలన్నర. ఆయన కేంద్రాలు సగం నాకు వచ్చాయి. నేనేమో శిక్షణలో చెప్పినట్టే నడుపుతున్నాను. కూడళ్ళ దగ్గర ఆగుతున్నాను, వెనక్కి చూస్తున్నాను, ట్రాక్టరు ముందుకు దూరడం మానేశాను. దాంతో రోజూ ఆలస్యం. మేనేజరు నుంచి మెమో వచ్చింది. కారణం రాయమన్నాడు. "కంపెనీ ఇచ్చిన శిక్షణ" అని రాసి సంతకం పెట్టాను. దానికి జవాబు రాలేదు. మరుసటి నెల నుంచి నేను మొదటి కేంద్రం చేరాల్సిన సమయాన్ని ఇరవై నిమిషాలు పొడిగించారు. ఎందుకు పొడిగించారో ఏ కాగితంలోనూ లేదు.

పెద్దన్న తిరిగి పనిలోకి వచ్చిన రోజు పాకాలలో టీ అంగడి దగ్గర కలిశాడు. నల్లద్దాలు తీసి, నన్ను పైనుంచి కిందిదాకా తేరిపార చూశాడు.

"నీకు ఇంత తెల్లజుట్టు ఎప్పుడొచ్చినాదప్పా?"

"రెండేండ్లయింది అన్నా."

"ఈ రోడ్డు కూడా పాడైపోయినాది. ఎన్ని గుంతలుండాయో సూడు," అన్నాడు. అని, ఆ అమ్మాయి ఫోను నంబరు నా దగ్గర ఉందేమోనని అడిగాడు. తన కొడుకు కూడా వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతాడట. నంబరు ఇచ్చాను. టీ తాగేసి ఎవరి ఊళ్ళకు వాళ్ళం బయల్దేరాం.